నలభై రెండు వేల సర్వే, నూట పద్దెనిమిది తాళాలు

ముందే చెప్పేస్తున్నా, ఈ సర్వే రిపోర్టుకి ఐదు స్టార్లలో నేనిచ్చేది రెండు. అందులో ఒకటి బైండింగుకి.

అరవై నాలుగు పేజీలు, స్పైరల్ బైండింగు, అట్ట మీద పొద్దుగూకే వేళ ప్రకాశం బ్యారేజీ ఫొటో, లోపల రంగురంగుల గుండ్రటి బొమ్మలు. బెజవాడలో సర్వేలు చేసిపెట్టే ఒక ఆఫీసువాళ్లు నాకు అమ్మిన రిపోర్టు అది. జీఎస్టీతో కలిపి 42,000. వాళ్ల పేరు రాయను. మోసగాళ్లేం కాదు. ఫోన్ చేస్తే ఎత్తుతారు, బిల్లు ఇస్తారు, చెప్పిన రోజుకే తెచ్చిచ్చారు. అయినా ఆ రిపోర్టు నమ్మి నేను మునిగాను, మా మరిది ఇంకా లోతుగా మునిగాడు. ఎలా మునిగామో చెప్తే, ఇలాంటి సర్వే చేయించుకోబోయే వాళ్లకి కాస్త పనికొస్తుంది.

నాది గుంటూరు. అరండల్‌పేటలో పద్దెనిమిదేళ్లుగా ట్యాలీ, ఎక్సెల్, జీఎస్టీ రిటర్నులు నేర్పే చిన్న ఇన్‌స్టిట్యూట్ నడుపుతున్నా. రెండో బ్రాంచి పెట్టాలని ఎప్పటినుంచో ఉంది. గుంటూరు–బెజవాడ రైలు దారిలో ఒక ఊరు చూసుకున్నా. (ఊరి పేరు రాస్తే "మేమంతా ఖాళీగా ఉన్నామంటావా" అని అక్కడివాళ్లు మీదకొస్తారు, వదిలేయండి.) కొత్త అపార్టుమెంట్లు లేస్తున్నాయి, హాలు అద్దె గుంటూరులో సగం, స్టేషన్ నడిచే దూరం. నాకు కావలసిన లెక్క ఒక్కటే. డిగ్రీ చదివి పని దొరక్క ఇంటిపట్టున ఉన్నవాళ్లు ఆ ఊళ్లో ఎంతమంది?

సర్వే ఆఫీసాయన వచ్చి కూర్చుని, టీ తాగి, "300 ఇళ్లు తిరుగుతాం మేడమ్, ట్యాబ్‌లో ఎక్కిస్తాం, పది రోజుల్లో రిపోర్టు మీ టేబుల్ మీద ఉంటుంది" అన్నాడు. అన్నట్టే చేశాడు. తొమ్మిదో పేజీలో ఎర్రటి అక్షరాలతో, బొటనవేలంత సైజులో ఉంది: నిరుద్యోగం 31 శాతం.

మా ఆయన ఆ పేజీ చూసి, "ఊళ్లో మూడోవంతు మంది ఖాళీగా ఉంటే ఆ అపార్టుమెంట్ల ఈఎంఐలు ఎవరు కడుతున్నారే?" అన్నాడు. విన్లేదు. విని ఉంటే హాలు అడ్వాన్సు 60,000 మిగిలేది.

పొద్దున 10 గంటలకొక బ్యాచి, మధ్యాహ్నం 2 గంటలకొక బ్యాచి అని ఫ్లెక్సీ కట్టించా. పని లేనివాళ్లకి పగలే కదా తీరిక అనుకున్నా. మొదటి నెలలో పొద్దున బ్యాచికి నలుగురు చేరారు. మధ్యాహ్నం బ్యాచికి ఒక్కడు. ఆ ఒక్కడూ హాలు ఓనరుగారి మేనల్లుడు, ఫీజు అడగలేం.

ఇక మా మరిది సంగతి. నేను ఆ పేజీలో 31 చూస్తే వాడు మిగతా 69 చూశాడు. "వదినా, ఇంతమంది పని చేసుకునే ఊళ్లో మధ్యాహ్నం భోజనానికి ఒక్క మెస్సు లేదు, చూశావా" అని స్టేషన్ రోడ్డులో షట్టరు తీసుకున్నాడు. అన్నం, పప్పు, గోంగూర, రెండు కూరలు, సాంబారు, పెరుగు, 90 రూపాయలు. మొదటి రోజు ఒంటిగంటకి గిన్నెలన్నీ నింపుకుని కూర్చుంటే పదకొండు మంది తిన్నారు. అందులో ఐదుగురం మా ఇంటివాళ్లమే. ఒకే ఊరి మీద ఒకే కాగితం చదివి, నేను పని లేనివాళ్ల కోసం, వాడు పని ఉన్నవాళ్ల కోసం దుకాణాలు తెరిచి, ఇద్దరం ఈగలు తోలుకుంటూ కూర్చున్నాం.

విషయం ఎప్పుడు వెలిగిందంటే, ఒకరోజు కంప్యూటర్లు బిగించే కుర్రాడు ఆలస్యంగా వస్తే రాత్రి ఏడున్నర దాకా హాల్లోనే ఉండిపోయా. అప్పటిదాకా ఆ ఊరిని చీకటి పడ్డాక చూడలేదు. బెజవాడ వైపు నుంచి ప్యాసింజరు వచ్చి ఆగింది. నిమిషంలో ప్లాట్‌ఫారం కనపడకుండా జనం. చేతుల్లో ఖాళీ క్యారేజీలు గలగలమంటున్నాయి. బీసెంటు రోడ్డు బట్టల షాపుల యూనిఫారం చీరల్లో ఆడపిల్లలు, వస్త్రలత హోల్‌సేల్ బట్టల మార్కెట్టులో బేళ్లు ఎత్తి భుజాలు పడిపోయిన మగవాళ్లు, సూర్యారావుపేట ఆసుపత్రుల నర్సులు, ఆటోనగర్ నుంచి గ్రీజు మరకల చొక్కాలు. వాళ్ల వెనకే గుంటూరు వైపు నుంచి బస్సు దిగినవాళ్లు. పగలంతా నాకు శ్మశానంలా కనపడిన అపార్టుమెంట్లకి పావుగంటలో అన్ని అంతస్తుల్లోనూ లైట్లు వెలిగాయి. కుక్కరు కూతలు మొదలయ్యాయి. ఏ మెట్ల దగ్గర చూసినా స్కూటర్లే.

ఇంటికొచ్చి రిపోర్టు తీసి, అప్పటిదాకా తిప్పని అనుబంధం తిప్పా. యాభై ఒకటో పేజీ నుంచి చీమ తలకాయంత అక్షరాల్లో ఒక్కో ఇంటికి ఒక్కో వరస. తేదీ, టైము, ఫలితం. మంగళ, బుధ, గురువారాలు. 10:40, 11:05, 11:20, 12:10… నాలుగు గంటల తర్వాత ఒక్క ఎంట్రీ లేదు. చివరి గడిలో కొన్నిచోట్ల 'తాళం, పక్క ఇల్లు తీసుకున్నాం' అని ఉంది. పెన్సిలు పట్టుకుని టిక్కులు పెట్టుకుంటూ లెక్కేశా. నూట పద్దెనిమిది తాళాలు.

మా నాన్నగారి స్నేహితుడొకాయన ఉన్నారు, బాబాయి అని పిలుస్తాం. కేంద్ర ప్రభుత్వ శాంపిల్ సర్వేలో ముప్పై ఏళ్లు ఊరూరా తిరిగి రిటైరై బ్రాడీపేటలో ఉంటున్నారు. మర్నాడు పొద్దున్నే రిపోర్టు పట్టుకెళ్లా. కళ్లజోడు పెట్టుకుని అనుబంధమే ముందు చూశారు. తొమ్మిదో పేజీ వైపు కన్నెత్తలేదు.

"తాళం కూడా జవాబేనే అమ్మాయ్. మొగుడూ పెళ్లాం ఇద్దరూ పనికి పోయారని చెప్తోంది. వీళ్లు ఆ ఇల్లు వదిలేసి పక్కింటికి పోయారు. అంటే పనున్నవాళ్లని ఏరి అవతల పారేసి, మిగిలినవాళ్లని బుట్టలో వేసుకున్నారు. మేం తాళం ఉన్న ఇంటికి రాత్రి తొమ్మిదింటికి వెళ్లేవాళ్లం, అప్పటికీ దొరక్కపోతే పొద్దున ఆరింటికి. కుక్కలు వెంటపడేవి. ఇల్లు మార్చడమంటే చిట్టచివరి మాట."

ఆ పూట ఆయన చెప్పింది రాసుకుంటూ కూర్చున్నా. ట్యాలీ నేర్పే దాన్ని కదా, లెక్కలంటే నాకు తెలుసనుకునేదాన్ని.

ప్రభుత్వం ఈ లెక్క తీసే సర్వే పేరు పీఎల్ఎఫ్ఎస్, అంటే పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే. 2017 ఏప్రిల్‌లో మొదలైంది. అందులో ప్రశ్న "నిన్న ఏం చేశావు" అని ఉండదు. రెండు రకాలుగా చూస్తారు. మొదటిది, గత 365 రోజుల్లో ఎక్కువ కాలం ఏ స్థితిలో ఉన్నావు, దానికి తోడు కనీసం 30 రోజులు చేసిన చిల్లర పని ఏమైనా ఉందా. రెండోది, గత 7 రోజుల్లో ఏ ఒక్క రోజైనా కనీసం ఒక గంట పని చేశావా. చేస్తే ఉపాధి ఉన్నట్టు. గంట కూడా చేయకుండా, పని కోసం వెతికినా, ఇస్తే చేస్తానన్నా నిరుద్యోగి. వెతకనూ లేదు, ఇస్తే చేయననీ అంటే శ్రామిక శక్తిలోనే (పని చేసేవాళ్లూ, పని లేనివాళ్లూ కలిపిన లెక్క) లేనట్టు, శాతం కట్టేటప్పుడు పైనా రారు, కిందా రారు. 2023–24లో దేశం మొత్తానికి మొదటి పద్ధతిలో నిరుద్యోగం 3.2 శాతం వస్తే, రెండో పద్ధతిలో 4.9 వచ్చింది. అవే ఇళ్లు, అదే సంవత్సరం. నా రిపోర్టులో ఏ పద్ధతి వాడారో 64 పేజీల్లో ఎక్కడా లేదు.

ఒక గంటకే ఉపాధి అనడం నాకు మింగుడు పడలేదు. "మా పిన్ని వారానికి రెండు జాకెట్లు కుడుతుంది, ఆవిడా ఉద్యోగస్తురాలేనా బాబాయ్?" అన్నా. అంతర్జాతీయ కార్మిక సంస్థ పద్ధతే అదనీ, దేశాల లెక్కలు పక్కపక్కన పెట్టి చూడాలంటే ఒకే గీటు ఉండాలనీ అన్నారు. ఒప్పుకోలేదు నేను. ఇప్పటికీ ఒప్పుకోను. కానీ గీటంటూ ఒకటి ఉంది, ఎక్కడ గీశారో చెప్పి మరీ గీశారు.

రెండో తప్పు పద్నాలుగో పేజీ కింద, నక్షత్రం గుర్తు పెట్టిన చిన్న వాక్యంలో దొరికింది. శాతం కట్టడానికి భాగించిన అంకె ఏమిటంటే, 'ఆ ఊళ్లో ఉన్న ఉద్యోగాలు, ప్లస్ నిరుద్యోగులు'. మొదట చదివినప్పుడు నాకేం తప్పు కనపడలేదు. బాబాయి ఒక శుభలేఖ కవరు తిరగేసి దాని మీద కట్టి చూపించారు.

ఊళ్లో పని చేసేవాళ్లూ, పని వెతుక్కునేవాళ్లూ కలిపి వెయ్యిమంది ఉన్నారనుకో. యాభైమందికి పని లేదు. తొమ్మిది వందల యాభైమందికి ఉంది. ఆ తొమ్మిది వందల యాభైలో ఊళ్లోనే కొట్లూ, స్కూళ్లూ, రైస్ మిల్లూ అని పని చేసేది రెండు వందల యాభై మంది, మిగతా ఏడు వందల మంది రైలెక్కి పోతారు. యాభైని వెయ్యితో భాగిస్తే 5 శాతం. అదే యాభైని, ఊళ్లో ఉన్న రెండు వందల యాభై పనులూ ఆ యాభైమందీ కలిపి మూడు వందలతో భాగిస్తే 16.7 శాతం. మనుషులు వాళ్లే. ఒక్కరికి కూడా పని పోలేదు. భాగహారం కింద అంకె మారేసరికి నిరుద్యోగం మూడింతలు దాటింది.

"పైన ఉన్నవాళ్లని పడుకునే చోట లెక్కపెట్టి, కింద ఉన్నవాళ్లని పని చేసే చోట లెక్కపెట్టారు" అని కవరు నాకిచ్చేశారు. ఆ కవరు ఇంకా నా డ్రాయరులో ఉంది. ఎవరి పెళ్లిదో తెలీదు.

ఇదే లెక్క బెజవాడకి కడితే ఉల్టా వస్తుంది. చుట్టుపక్కల నుంచి పొద్దున్నే వచ్చి పడే జనం ఉద్యోగాలన్నీ కింద అంకెలో చేరి, అక్కడ నిరుద్యోగం ఉన్నదానికంటే తక్కువ కనపడుతుంది. మధ్యలో కృష్ణ ఒకటి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక ఏటికి అవతల ఎన్టీఆర్ జిల్లా, ఇవతల గుంటూరు జిల్లా. తాడేపల్లిలో కాపురం ఉండి బెజవాడ గవర్నర్‌పేటలో పని చేసేవాడు రోజూ బ్యారేజీ మీదుగా జిల్లా దాటి పోయి వస్తాడు. బెజవాడలో కాపురం ఉండి వెలగపూడి సచివాలయానికి వెళ్లే గుమాస్తా ఎదురు దిక్కున దాటతాడు. 2016లో సచివాలయం ఇటు తరలొచ్చినప్పుడు కొంతమంది ఉద్యోగులు కుటుంబాలని హైదరాబాదులోనే ఉంచి రైల్లో రాకపోకలు సాగించారు కదా, వాళ్లు ఇంకా ఒక ఆకు ఎక్కువ చదివారు. ఏ ఊరి లెక్కలో రాస్తారు వాళ్లని?

ఇది మన ఒక్కళ్ల తంటా కాదు. బ్రిటన్‌లో దీనికోసమే ఊళ్ల సరిహద్దులు పక్కన పెట్టి, జనం ఎక్కడి నుంచి ఎక్కడికి పనికి పోతున్నారో చూసి దేశాన్ని వేరే గీతలతో పంచుకున్నారు. ఒక ప్రాంతం అనిపించుకోవాలంటే అందులో కాపురం ఉండే పనివాళ్లలో 75 శాతం అక్కడే పని చేయాలి, అక్కడ పని చేసేవాళ్లలో 75 శాతం అక్కడే కాపురం ఉండాలి. పెద్ద ఊళ్లకి మూడింట రెండొంతులు ఉన్నా సరే. 2011 జనాభా లెక్కలతో గీసినప్పుడు 228 ప్రాంతాలు తేలాయట. అలా గీస్తే గుంటూరు, తెనాలి, మంగళగిరి, బెజవాడ ఒకే గీతలో పడతాయని బాబాయి పందెం కాస్తానన్నారు. తెనాలి నా పుట్టిల్లు. పొద్దున ఏడింటి రైలు తలుపు దగ్గర వేలాడే జనాన్ని చూసినదాన్ని కాబట్టి ఎదురు పందెం కాయలేదు.

మన 2011 జనాభా లెక్కల్లోనూ పనికి ఎంత దూరం పోతారు, నడిచా, సైకిలు మీదా, బస్సులోనా, రైల్లోనా అని అడిగారు. వ్యవసాయం, ఇంటి పరిశ్రమల వాళ్లు కాకుండా మిగతా పనివాళ్లకి ఆ పట్టిక ఉంది. ఎన్ని కిలోమీటర్లో ఉంటుంది, ఏ ఊరికో ఉండదు. అదీ ఇప్పుడు పాతబడింది. 2021 లెక్కలు వాయిదా పడి, కొత్తవాటికి 2027 మార్చి 1ని లెక్క తేదీగా పెట్టారు. అప్పటిదాకా నాలాంటి వాళ్లకి ఆఫీసుల రిపోర్టులే గతి.

పీఎల్ఎఫ్ఎస్‌నే చూసుకోవచ్చు కదా అంటారా, అదే అడిగా. 2025 జనవరి నుంచి దాన్ని మార్చారు. పల్లెలైనా పట్నాలైనా ఎంచుకున్న ఇంటికి నాలుగు నెలలు వరసగా వెళ్తారు, శాంపిల్ ఏరియాలని 12,800 నుంచి 22,692కి పెంచారు, జిల్లాని యూనిట్‌గా తీసుకుంటున్నారు, ప్రతి నెలా అంకె వస్తోంది. 2025 ఏప్రిల్‌కి మొదటిసారి అలా వచ్చిన దేశపు అంకె 5.1 శాతం. కానీ ఒక్కో ఏరియాలో చూసేది పన్నెండు ఇళ్లు. నేను బ్రాంచి పెట్టే ఊరి అంకె అందులో దొరకదు, దొరుకుతుందని వాళ్లు చెప్పనూ లేదు. ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజి జాబితా సంగతి నాకే తెలుసు. మా స్టూడెంట్లు ప్రైవేటులో చేరాక కూడా గవర్నమెంటు పిలుపొస్తుందేమోనని పేరు రెన్యువల్ చేయించుకుంటూనే ఉంటారు. పీఎఫ్ లెక్క కంపెనీ కోడ్ ఎక్కడుంటే అక్కడికి పోతుంది. మా దగ్గర చదివి లక్ష్మీపురం షోరూములో పని చేసే పిల్ల, పీఎఫ్ కాగితాల్లో హైదరాబాదు మనిషి.

ఇంత తెలిశాక సర్వే ఆఫీసుకి ఫోన్ చేశా. అరవలేదు. టైముల సంగతి, భాగహారం సంగతి చెప్పా. "సిటీ కాలనీల్లో కూడా ఇదే పద్ధతి మేడమ్, ఎవరూ అడగలేదు" అన్నాడాయన. నిజమే అయుంటుంది. తర్వాతి సర్వేకి 5,000 తగ్గిస్తానన్నాడు. వద్దు, ఆ ఇళ్లు తిరిగిన కుర్రాళ్లలో ఒకణ్ని ఒక్క ఆదివారం పంపమన్నా. పంపాడు. నేనిచ్చిన రెండో స్టారు ఆ కుర్రాడిది.

దుగ్గిరాల పిల్లాడు, ఎంబీఏ చేశాడు. ఫారానికి ఇంతని ఇస్తారు, నెల జీతం లేదు. రోజుకి ఇరవై ఫారాలు చేస్తే గిడుతుంది, తాళం ఉన్న ఇంటికి రెండోసారి వెళ్తే కిట్టదు. అదీ అసలు సంగతి. రాత్రి ఏడింటికి ఎందుకు వెళ్లలేదురా అంటే, "అప్పుడు నేనూ రైల్లో ఉంటాను కదా ఆంటీ" అన్నాడు. దుగ్గిరాలలో ఆ వారం వాళ్లింటికి ఎవరైనా సర్వేకి వెళ్లి ఉంటే వాడి ఇల్లూ తాళమే.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టాం. తాళాల జాబితాలోంచి 60 ఇళ్లు తీసుకున్నాం. 52 ఇళ్లలో మనుషులు దొరికారు. ఆ 52 ఇళ్లలో పని కోసం వెతుకుతున్నవాళ్లు నలుగురే. ఇది సర్వే అని చెప్పను, నా కళ్లతో చూసింది మాత్రం.

తిరుగుతుంటేనే మూడో తప్పు బయటపడింది, దీన్ని బాబాయి కూడా పట్టలేదు. ట్యాబ్‌లో ఏడో ప్రశ్న: 'మీరు ఉద్యోగం చేస్తున్నారా?' అవును, కాదు. ఒకింట్లో నలభై ఏళ్లాయన లుంగీ మీద బయటికొచ్చాడు. కిందటిసారి జ్వరమొచ్చి ఇంట్లో ఉన్నాడట, అందుకే వీళ్లకి దొరికాడు. వాళ్లింటి తలుపు తీసే ఉంది, జాబితాలో పక్కింటి తాళానికి బదులు తీసుకున్న ఇల్లు అది. కుర్రాడు నా ముందు అదే ప్రశ్న మళ్లీ అడిగాడు.

"ఉద్యోగమా? మనకెక్కడిది బాబూ ఉద్యోగం" అన్నాడాయన నవ్వుతూ.

కుర్రాడి వేలు 'కాదు' మీదకి పోయింది. నేను ఆపి, "మరి ఏం పని చేస్తారండీ?" అన్నా.

"ఆటోనగర్‌లో లారీ బాడీ షెడ్డులో వెల్డింగు. ఇరవై రెండేళ్ల నుంచి."

ఇరవై రెండేళ్లు కష్టపడి పని చేసినాయన ఆ రిపోర్టులో నిరుద్యోగి. మన భాషలో ఉద్యోగమంటే నెల జీతం, కుర్చీ, సెలవులు. మిగతాదంతా పని, కూలి, యాపారం, షాపులో ఉంటున్నా, మేస్త్రీ దగ్గర పోతున్నా. మిర్చి యార్డుకి సీజన్లో పోయే ఆడవాళ్లని, కోల్డ్ స్టోరేజిల దగ్గర కాయ తొడిమలు తీసేవాళ్లని 'ఉద్యోగమా' అని అడిగితే నవ్విపోతారు. 'ఈ వారం రోజుల్లో డబ్బులొచ్చే పని ఏదైనా చేశారా అమ్మా, ఒక్క గంటైనా' అని అడగాలి. ఎవరో ఇంగ్లిషులో ఫారం రాసి, ఏసీ గదిలో కూర్చుని తెలుగు చేసి ఉంటారు. తెలుగు మాట దొరికింది, ప్రశ్న పోయింది.

అన్నీ ఒకే వైపు తప్పులని మాత్రం అనుకోకండి. ఇదీ తాళాల జాబితాలో లేని ఇల్లే, నాలుగో అంతస్తులో ఒకమ్మాయి తలుపు తీసింది, చంకలో ఏడాది పిల్ల. బీకాం. పెళ్లికి ముందు, తర్వాత రెండేళ్లు బెజవాడలో ఒక మందుల హోల్‌సేల్ దగ్గర బిల్లింగు చూసింది. రాత్రి తొమ్మిదింటికి వదిలేవాళ్లట, రైలు లేటైతే ఇంటికొచ్చేసరికి పదిన్నర. పిల్ల పుట్టాక మానేసింది. మొదటి సర్వేలో 'గృహిణి' అని ఉంది. పని చేస్తారా అంటే, "బెజవాడ దాకా పోలేనండీ. ఇక్కడే, సాయంత్రం ఆరింటికి వదిలేది ఉంటే రేపే వస్తా" అంది. ఈవిడ ఎవరు? పని ఇస్తే చేస్తానంటోంది కాబట్టి నిరుద్యోగి. రైలెక్కే పనైతే చేయనంటోంది కాబట్టి కాదు. బాబాయిని అడిగితే, ప్రస్తుతం నడుస్తున్న కూలికి, జీతానికి చేయడానికి సిద్ధమా అన్నదే ప్రశ్న, ఇక్కడే కావాలన్న షరతుని ఎన్యూమరేటరు (ఇంటికొచ్చి జవాబులు రాసుకునేవాడు) ఎలా అర్థం చేసుకుంటే అలా పోతుంది అన్నారు. ఆ అపార్టుమెంటులో ఇలాంటివాళ్లు ఐదుగురు దొరికారు. రిపోర్టు చూపించిన 31 శాతంలో వీళ్లెవరూ లేరు. నాకు కావలసినవాళ్లు వీళ్లే!

కాబట్టి ఈ సేవ కొనుక్కునేవాళ్లకి నేను చెప్పేది ఇంతే. డబ్బు కట్టేముందు వాళ్లు ఇళ్లకి ఏ టైముకి పోతారో అడగండి. తాళం ఉంటే ఎన్నిసార్లు తిరిగి పోతారో కాగితం మీద రాయించుకోండి, దానికి వేరే డబ్బులిస్తామని మీరే చెప్పండి, లేకపోతే ఆ పిల్లాడికి కిట్టదు. ప్రశ్నల ఫారం తెలుగుది ముందు మీ చేతికి ఇవ్వమనండి, ఇచ్చాక మీ పనిమనిషికి చదివి వినిపించండి. మీది నాలాంటి బ్రాంచి అయితే ఆ ఊళ్లో పడుకునేవాళ్ల లెక్క కావాలి, మెస్సు అయితే మధ్యాహ్నం ఒంటిగంటకి ఊళ్లో ఉండేవాళ్ల లెక్క కావాలి. రెండింటికీ ఒకే అంకె ఇస్తానన్నవాడి దగ్గర్నుంచి లేచి వచ్చేయండి.

మరిది మెస్సు ఎత్తేయలేదు. మధ్యాహ్నం షట్టరు దించేసి, సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా కర్రీ పాయింటు పెట్టాడు. రైలు దిగినవాళ్లు ఖాళీ క్యారేజీ అక్కడే ఇచ్చి కూర పోయించుకుని పోతున్నారు, గోంగూర ఎనిమిదింటికల్లా అయిపోతోంది. పొద్దున ఆరింటికి ఇడ్లీ పిండి కూడా అమ్ముతున్నాడు.

నా ఫ్లెక్సీ మార్చా. పదకొండు నుంచి ఒంటిగంట ఆడవాళ్ల బ్యాచి, పిల్లల్ని తెచ్చుకోవచ్చు, మూలన చాప వేసి ఉంటుంది. ఆ బీకాం అమ్మాయి మొదట చేరింది. ఇప్పుడు అదే ఊళ్లో రెండు హార్డ్‌వేర్ షాపులకి ఇంటి దగ్గర్నుంచే జీఎస్టీ రిటర్నులు వేస్తోంది, వారానికి గంట కంటే ఎక్కువే అవుతుంది లెండి. రాత్రి ఎనిమిదింపావుకి ఇంకో బ్యాచి, షాపుల్లో పని చేస్తూ బిల్లింగు సీటుకి మారదామనుకునేవాళ్లకి. ఆ బ్యాచికి పద్నాలుగు మంది. ఎనిమిదింపావు అని బోర్డు మీద రాసింది నేనే గానీ, మొన్న కృష్ణా కెనాల్ స్టేషన్ దగ్గర రైలు అరగంట ఆగిపోతే తొమ్మిదింటికి మొదలుపెట్టాం.